రాజు తల తెగినంత మాత్రాన రాజరికం పోదు

మొన్న స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి అన్నాడు: "ఫ్రెంచివాళ్ళని చూడండి. 1789లో ఒక్క దెబ్బకి రాజుని దించేసి ముందుకెళ్ళిపోయారు. మీరేమో రాజ్యాంగం వచ్చి ఇన్నేళ్ళయినా ఇంకా కులం కులం అంటారు." అప్పుడే బెల్లు కొట్టారు. జవాబు ఇక్కడ రాస్తున్నా.

1789 జూలై 14న జనం చేతికి చిక్కింది బాస్తీ కోట, రాజు కాదు. పదహారో లూయీ ఇంకో మూడేళ్ళు సింహాసనం మీదే ఉన్నాడు. ఆగస్టు 4 రాత్రి ప్రభువులు తమ హక్కులన్నీ వదిలేసుకున్నారని ఘనంగా చెప్తారు. ఉత్తమాట. భూమి మీది బకాయిలు చాలావరకు రైతే డబ్బు కట్టి విడిపించుకోవాలన్నారు. పైసా పరిహారం లేకుండా అవి రద్దయింది 1793 జూలైలో.

1791 రాజ్యాంగం రాజును ఉంచింది, పౌరుల్ని రెండు ముక్కలు చేసింది. మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టలేనివాడికి ఓటు లేదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు లేదు. ఆడవాళ్ళకు అసలే లేదు. 1789 అక్టోబరులో వర్సాయికి నడిచివెళ్ళి రాజును పారిస్‌కు తెచ్చింది ఆ ఆడవాళ్ళే! వాళ్ళ చేతికి ఓటు హక్కు వచ్చింది 1944లో.

మరి రాజును దించిందెవరు? 1792 ఆగస్టు 10న త్విలరీ రాజభవనం మీద పడ్డ పారిస్ కష్టజీవులు, వాళ్ళతో కలిసిన మార్సెయ్ దళాలు. వాళ్ళను సాంకులోత్‌లు అన్నారు. పెద్దింటివాళ్ళు తొడిగే మోకాలి లాగు లేనివాళ్ళని అర్థం. ఎగతాళిగా అన్న మాటను వాళ్ళు బిరుదు చేసుకున్నారు. దండోరాలో మావాళ్ళు పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నదీ ఆ తెగువతోనే. సెప్టెంబరు 21న కన్వెన్షన్ రాజరికాన్ని రద్దు చేసింది. 1793 జనవరి 21న లూయీ తల తెగింది.

అయిపోయిందా? లేదు. 1804లో నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు. 1814లో చచ్చిన రాజు తమ్ముడు వచ్చాడు, ఆయన తర్వాత ఇంకో తమ్ముడు. 1830లో ఆయన్ని తరిమితే బంధువు లూయీ ఫిలిప్ కూర్చున్నాడు. 1848లో అతనూ పారిపోయాడు. 1852లో నెపోలియన్ తమ్ముడి కొడుకు కిరీటం పెట్టుకున్నాడు. అతను ప్రష్యా చేతిలో ఓడి పట్టుబడ్డాక, 1870 సెప్టెంబరు 4న గానీ కిరీటాల పీడ విరగడ కాలేదు. మొదటి రద్దు నుంచి లెక్కేస్తే 78 ఏళ్ళు. ఇదీ 'ఒక్క దెబ్బ'.

ఆ సమానత్వం నల్లవాళ్ళ దాకా వెళ్ళిందా? సాన్ దొమాంగ్‌లో బానిసలు 1791లో తిరగబడితేనే 1794లో బానిసత్వం రద్దయింది. 1802లో నెపోలియన్ దాన్ని మళ్ళీ తెచ్చాడు. పోరాడి 1804లో హైతీగా నిలబడ్డ వాళ్ళ మీదికి 1825లో రాజు యుద్ధనౌకలు పంపి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నాడు. సంకెళ్ళు తెంచుకున్నవాడు యజమానికి నష్టపరిహారం కట్టాలట!

అందుకే సార్, రద్దు చేశామని కాగితం మీద రాయడం వేరు, రద్దు కావడం వేరు. అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇదే: రాజకీయాల్లో సమానత్వం ఇచ్చి బతుకులో అసమానత్వం ఉంచితే, ఆ బాధపడేవాళ్ళే ఈ కట్టడాన్ని కూల్చేస్తారని. ఫ్రెంచివాళ్ళకు ఒక రాజకుటుంబాన్ని వదిలించుకోడానికే అంత కాలం పట్టింది. ఇక్కడ ఊరూరా ఉన్న రాజులకు కిరీటాలు కనపడవు. ఇంటిపేర్లుంటాయి.

తేదీలు సరిగ్గా చదవండి సార్. మమ్మల్ని తొందరపెట్టకండి.

జై భీమ్.