ట్రక్కు టైర్లు – కిలోల లెక్క

కొత్తపేట ప్రాంతమునుండి యొక సోదరి మా కిట్లు వ్రాసినారు: "మా వారు కువైటులో నున్నారు. తోట, చేను, ట్రాక్టరు అన్నియు నేనే చూచుకొనుచున్నాను. ట్రాక్టరు వెనుక తగిలించు నాలుగుచక్రముల ట్రక్కునకు టైర్లు బొత్తిగా అరిగిపోయినవి. కొట్టువారు ఒకే సైజులో రెండు రకముల టైర్లు చూపుచున్నారు. వెలలో చాల వ్యత్యాసమున్నది. సైజొకటే యైనప్పుడు చౌకది కొనరాదా? మా మామగారు చౌకదే చాలు ననుచున్నారు. మీ రేమందురు?"

ఇది గృహిణుల పుటయా, మరమ్మతుల కొట్టా యని కొందఱు నవ్వవచ్చును. నవ్వుడు. కాని కోనసీమలో ఎందఱి యింటివారు గల్ఫు దేశములలో నున్నారో మన కందఱకును తెలిసినదే. దింపు తీయించుట, కూలి లెక్కలు చూచుట, బండి పంపుట ఆ యిండ్లలో ఆడువారి పనియే యైనది. బండి పంపు నామెకు బండి సంగతి తెలియకున్న నెట్లు?

ఆ సోదరికి మా మాట మొదటనే చెప్పెదము. సైజు చూచి టైరు కొనరాదు. బరువు చూచి కొనవలయును. మామగారితో ఈ మాట యెట్లు చెప్పవలెనో ఆమెయే యెఱుగును. లెక్క వ్రాసి చూపినచో పెద్దలును కాదనరు.

మేమును ఒకప్పుడు సైజే చాలు ననుకొంటిమి. మా ట్రక్కునకు రెండు టైర్లు మార్చవలసి వచ్చినప్పుడు, కొట్టులోని యతడు పాతదానిమీది 9.00-16 అను నంకెలు చూచి, అవే యంకెలున్న క్రొత్తవి రెండు తెచ్చి బిగించెను. "సైజు సరిపోయినదమ్మా, ఇంక భయము లేదు" అనెను. వెలయు తక్కువ. బేరమున గెలిచితిమని సంతోషించితిమి. రెండు నెలలైనను తిరుగలేదు. దింపు కాయలతో అంబాజీపేటకు పోవుచుండగా కాలువగట్టుమీద ఎడమవైపు క్రొత్త టైరు ప్రేలెను. ట్రక్కు ఒరిగినది, కాయలు కాలువలో పడినవి. అవి పోయినను పోవుగాక. చాలవఱకు తేలుచుండగా ఊరిపిల్లలే పట్టి గట్టున వేసిరి. కాని కాయలపైన కూర్చుండిన కుఱ్ఱవాడు, మా తోటలో వలుపు పనికి వచ్చువాడు, క్రింది కుఱికి చేయి విఱుగగొట్టుకొనెను. మూడు మాసములు పనిలోనికి రాలేదు. వైద్యమునకును, ఇంటి గడుపుబడికిని మేమే యిచ్చితిమి. అతని భార్య మా గుమ్మమున నిలిచి యొక్క నిష్ఠూరపు మాటయైన ననలేదు. అదియే మాకు మిక్కిలి కష్టముగా నుండెను.

అప్పుడు గాని ఆ టైర్లను సరిగా చదువలేదు. పాతదానిమీద 16 పి.ఆర్. అనియు, క్రొత్తదానిమీద 10 పి.ఆర్. అనియు నుండెను.

9.00-16 అనునది కొలత మాత్రమే. మొదటి యంకె టైరు వెడల్పు, అంగుళములలో; రెండవది టైరెక్కు ఇనుప రిమ్ము అడ్డుకొలత. రవిక కొలత చెప్పినంతమాత్రమున గుడ్డ గట్టిదో పలుచనిదో తెలియునా? గుడ్డ సంగతి చెప్పునది ఆ పి.ఆర్. అను ప్లై రేటింగు. పూర్వము టైరులో రబ్బరునకు లోపల నూలుగుడ్డ పొరలు వేసెడివారు. ఎన్ని పొరలో అంత బలము. తరువాత నూలు పోయి నైలాను వచ్చినది. ఒక్క నైలాను పొర పెక్కు నూలుపొరల పని చేయును. కావున 16 అని యున్నచో లోపల 16 పొరలున్నవని కాదు, అన్ని నూలుపొరల బలము కలదని యర్థము. ఒకే కొలతలో ట్రాక్టరు ముందు చక్రమునకు పనికివచ్చు తేలిక టైరును దొరకును, బరువు మోయు ట్రక్కు టైరును దొరకును. మేము కొన్నది మొదటి రకము.

ఇంతకంటె తిన్నని గుర్తు మఱియొకటి కలదు. అనేక టైర్ల ప్రక్కన రెండు మూడు అంకెలును, దాని వెంట నొక యక్షరమును ఉండును. ఆ యంకె కిలోలు కాదు, కిలోలకు గుర్తు. 100 అని యున్నచో 800 కిలోలు, 118 అన్నచో 1,320, 122 అన్నచో 1,500, 128 అన్నచో 1,800, 130 అన్నచో 1,900 కిలోలు. ఒక్క టైరు మోయదగిన బరువిది. అక్షరము వేగమునకు గుర్తు: ఎ6 అన్న గంటకు 30 కిలోమీటర్లు, ఎ8 అన్న 40. ఆ వేగము మించకున్ననే ఆ బరువు. మాకు ప్రేలిన టైరుమీద 118 అని యుండెను. ఈ గుర్తు లేని టైర్లపై ఎన్ని కిలోలో నేరుగా ముద్రించియుండును. రెండును కనబడనిచో కొట్టువానిని కంపెనీ పట్టిక చూపుమని యడుగుడు. చూప లేనివానియొద్ద కొనకుడు.

ఇక అసలు చిక్కు మన యింటిలోనే యున్నది. టైరునకు తెలిసినది కిలోల భాష యొక్కటే. మనమా, కొబ్బరికాయను వేలలో లెక్కింతుము, ధాన్యమును బస్తాలలో, ఇసుకను ట్రక్కులలో, కట్టెలను మోపులలో. అంబాజీపేటలో బేరము వెయ్యి కాయలకే గాని కిలోలకు కాదు. కావున తన ట్రక్కు ఎన్ని కిలోలు మోయుచున్నదో చెప్పగల యింటిని మేము చూడలేదు. మాయిల్లును అట్టిదే.

దీనికి పెద్ద విద్య యక్కఱలేదు. రాశిలోనుండి పెద్దవి, చిన్నవి కలిపి పది కాయలు తీసి సంచిలో వేసి తూచుడు. మేము తూచినప్పుడు డొక్కతో పది కాయలు 12 కిలోలు తూగినవి. వానలలో తడిసినవి యింకను హెచ్చు తూగును. 4,000 కాయలన్న 4,800 కిలోలు. ఖాళీ ట్రక్కును వేబ్రిడ్జిమీద నొకమాఱు తూయించితిమి, 1,200 కిలోలు. మొత్తము 6,000. నాలుగు చక్రములకు పంచినచో ఒక్కొక్కదానికి 1,500. 118 గుర్తు టైరుమీద 1,320 కిలోలు దాటి వేసి, పైగా దానిని తిట్టితిమి!

బరువు నాలుగింటికి సమముగా పడు ననుకొనుటయు భ్రమయే. గట్టు ఒకవైపు పల్లముగా నున్నచో ఆవైపు చక్రములే మోయును. కాయలు వెనుకకు జరిగినచో వెనుకవే మోయును. అందుచేత మేము అయిదింట నొకవంతు అదనముగా వేసికొందుము. 1,500 నకు 300 కలిపిన 1,800. అనగా 128 గుర్తు. దానికి తక్కువ టైరు మా ట్రక్కునకు మరల ఎక్కలేదు. రెండుచక్రముల ట్రక్కున్నవారు ముందు కొంత బరువు ట్రాక్టరు కొక్కెము మోయునుగదా యని తగ్గించి వేయవద్దు. ఆ తగ్గింపు ఎంతో సర్దినవాని చేతిలో నున్నది.

ఈ తూకములో మాకొక వింత తెలిసినది. మా యింట అందఱును ధాన్యమే బరువు, కాయ తేలిక యనుకొనెడివారము. మా ట్రక్కు కెక్కు ధాన్యము 60 బస్తాలు. బస్తా 75 కిలోల చొప్పున 4,500 కిలోలు. కాయల బరువు దానిని మించినది. కాయలను గుట్టగా పోసి, పైన మనుష్యులు కూడ ఎక్కుటకు ఆ భ్రమయే కారణము.

బలమైన టైర్లు వేసినంతమాత్రమున ఎంతైన ఎక్కింపవచ్చు ననుకొనరాదు. ఇరుసు, కమ్మీలు, కొక్కెము తమ తమ హద్దులు గలవియే. ట్రక్కు ఆర్.సి.లో వ్రాసిన బరువే కడపటి మాట. మన లెక్క దానిని మించినచో తగ్గింపవలసినది కాయలను. రెండు తడవలు పోయిన డీజిలే కదా హెచ్చగునది.

మా యాడపడుచు అమెరికాలో నున్నది. అచ్చట కొందఱు మంచములు, పొయ్యి, నీళ్లతొట్టి అన్నియు గల చిన్న యింటిని చక్రములమీద పెట్టి కారు వెనుక లాగుకొనుచు సెలవులలో ఊళ్లు తిరుగుదురు. వీరును ఒకటి కొనిరి. ఆ యింటిబండ్ల టైర్లు వేఱు. బలమునకు గుర్తుగా అక్షరములు వేయుదురు: సి అన్న 6 ప్లై, డి అన్న 8, ఇ అన్న 10. బండి ప్రక్కను అంటించిన చీటీలో టైరు కొలత, గాలి, మోయదగిన బరువు వ్రాసియుండును. ఆమె మొదటి వేసవిలో నీళ్లతొట్టి నిండ నింపి, ఇనుప మూకుళ్లు, రుబ్బుడు యంత్రము, బియ్యపు సంచులు అన్నియు సర్దినదట. 150 లీటర్ల నీరన్న 150 కిలోలే గదా! దారిలో టైరు ప్రేలినది. తరువాత ఆమె చేసిన మొదటి పని బండిని తూయించుట. మన వెల్డింగు కొట్లలో చేయించిన ట్రక్కునకు అట్టి చీటీ కనబడుట యరుదు. మేము మా ట్రక్కు ముందు పలకమీద తెల్లరంగుతో మూడు మాటలు వ్రాయించితిమి: టైరు గుర్తు, గాలి, కాయల హద్దు. డ్రైవరు మొదట ముఖము చిట్లించెను. ఇప్పుడు తానే క్రొత్తవారికి చూపుచున్నాడు.

గాలి మాట వచ్చినది గావున చెప్పెదము. బరువు మోయునది నిజమునకు రబ్బరు కాదు, లోపలి గాలి. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిటైర్లు కట్టినది కుదుపు తగ్గించుటకే. మోపుబరువంతయు ఆ గాలిమీదనే నిలుచునని దాని నడిపినవారికి తెలియును. గాలి తక్కువైనచో టైరు ప్రక్కలు ప్రతి చుట్టునకు ముడుచుకొని విప్పుకొని కాగును. కాగి కాగి ప్రేలును. చాలవఱకు ఎండకాలపు ప్రేలుళ్ల గుట్టిదే. కాలితో తన్ని చూచిన గాలి తెలియదు. గేజి యొకటి కొని యింట నుంచుడు. ఉదయము బండి కదలకముందు, టైరు చల్లగా నున్నప్పుడు చూడుడు. టైరుమీద వ్రాసిన హద్దు దాటి గాలి కొట్టినంతమాత్రమున బలము పెరుగదు.

టైరు వయస్సును చూడవలయును. ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. 3224 అన్న 2024వ సంవత్సరమున 32వ వారమున చేసినదని యర్థము. దింపునకు దింపునకు నడుమ మన ట్రక్కులు పెరటిలో కదలక నిలిచియుండును; సముద్రపు గాలి, ఎండ తగిలి పైన గాళ్లు బాగుగా నున్నను ప్రక్కలు నెఱ్ఱెలు విచ్చును. అట్టిదానికి పైన క్రొత్త రబ్బరు వేయించుట దండుగ. నిలిపినప్పుడు చక్రముల క్రింద పలకలు వేసి, పైన కొబ్బరాకు కప్పుడు. ఒకే యిరుసుమీద వేఱువేఱు బలముల టైర్లు వేయింపవద్దు. సోదరి రెండు రకములను కలిపి వేయు నాలోచన కూడ అడిగినారు. చేతిలో సొమ్ము చాలనిచో బలమైనవి రెండు ఇప్పుడు కొని ఒకే యిరుసునకు వేసి, తక్కిన రెండు వచ్చువఱకు సగము బరువే వేయుట మేలు.

మఱియొక మాట. భీష్మైకాదశికి అంతర్వేది రథోత్సవమునకును, కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకును ఇంటిల్లిపాదిని ట్రక్కులో నెక్కించు వాడుక మన కున్నది. సరకుల ట్రక్కులో జనుల నెక్కించుట చట్టమునకు విరుద్ధము. ముప్పదిమంది కూడి కాయల బరువులో సగమైన నుండరు, టైరు ప్రేలదుగదా యని కొందఱు వాదింతురు. కాయలు కదలవు, జనులు ఒక్కసారి ఒకవైపునకు లేతురు. ఆ కుఱ్ఱవాని చేయి చూచిన తరువాత మేము మా పిల్లలను ట్రక్కెక్కనీయలేదు. ఆటోలకు ఇచ్చుకొన్నాము.

టైర్లు మార్చినప్పుడు పాతవానిని పెరటిలో పడవేయకుడు. వాననీరు వానిలో నిలిచి దోమలు పుట్టును. డెంగ్యూ దోమ కది పుట్టిల్లు. బావికడ చప్టాగానో, మొక్కల చుట్టునో ఉంచదలచినవారు నీరు నిలువకుండ రంధ్రములు చేయింపవలయును. లేనిచో పాతసామానుల వానికి అమ్ముడు. భోగిమంటలో మాత్రము వేయనీయకుడు. ఆ నల్లపొగ పసిపిల్లల ఱొమ్ములకు మంచిది కాదు. మా వీథిలో పోయిన యేడు మూడు టైర్లు మంటకు సిద్ధముగా నుంచిరి. అడిగి తెచ్చి, వలుపు పనివాండ్రు కూర్చుండుటకు వేసితిమి.