ధనియాలు మొలవవేం?

ఈ వేసవిలో మూడుసార్లు చల్లాను. మూడుసార్లూ కుండీలో మట్టే మిగిలింది! వంటింటి డబ్బాలోంచి గుప్పెడు ధనియాలు తీసి, కుండీలో పోసి, రోజూ చెంబుడు నీళ్లు గుమ్మరిస్తే కొత్తిమీర రాదా? రాదు. మొక్కల గురించి రాసే మనిషికే రాకపోతే ఇక చదివేవాళ్ల సంగతేంటని ఇంట్లో ఒకటే నవ్వులు. ఆ ఉక్రోషంతోనే నవంబరులో ఓ శనివారం పొద్దున్నే చేవెళ్ల బస్సెక్కాను.

ఊడలమర్రులకు పేరుపడ్డ బీజాపూర్ రోడ్డది. మొయినాబాద్ దాటితే ఎర్రమట్టి చేలు, పూలతోటలు, ఆకుకూరల మళ్లు. మెహిదీపట్నం రైతుబజారులో మనం బేరమాడే కొత్తిమీర, పుదీనా కట్టలు ఈ వైపు నుంచీ వస్తాయి. చేవెళ్లకు కాస్త ఇవతల ఓ మడి దగ్గర ఒకామె కొత్తిమీర పీకి కట్టలు కడుతోంది. ఏభయ్యేళ్లుంటాయేమో. నా గోడంతా విని, 'ధనియాలు అట్లనే ఏసినవా బిడ్డా?' అంటూ పక్కావిడకేసి చూసి నవ్వింది. గుప్పెడు ధనియాలు గోనెపట్టా మీద పోసి, చెక్కముక్కతో మెల్లగా రుద్దింది. ప్రతి గింజా రెండు బద్దలైంది. 'ఇగ మొలుస్తయి' అంది. అంతే!

మనం గింజ అనుకునే ధనియం నిజానికి చిన్న కాయ. లోపల విత్తనాలు రెండు. విడదీస్తే నీరు తొందరగా లోపలికి చేరుతుంది. అలాగని పిండి చేసేయకండి! బద్దల్ని ఓ రాత్రి నానబెట్టి, పొద్దున్నే నీడలో తడి ఆరనిచ్చి, అరంగుళం లోతులో పడేలా చల్లి, పల్చగా మట్టి కప్పాలి. మొలక రావడానికి ఎనిమిది నుంచి పదిహేను రోజులు పడుతుంది. నేనేమో ఆరోరోజుకే విసుగొచ్చి కుండీ తవ్వి చూసేదాన్ని. ఇంకో సంగతి... డబ్బాలో పాతబడ్డ ధనియాలైతే ఎంత రుద్దినా లాభం లేదు. కొత్త పంటవి అడిగి తెచ్చుకోండి.

నా చెంబు కూడా నేరస్థురాలేనట. ఎర్ర చల్క మట్టి మీద నీళ్లు గుమ్మరిస్తే పైన అట్టకట్టేస్తుంది. లేత మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. అందుకే ఆమె విత్తిన చోట వరిగడ్డి పరిచి, పైనుంచి నీళ్లు చిలకరిస్తుంది. మొలక కనబడగానే గడ్డి తీసేస్తుంది. మనకైతే గోనెసంచి ముక్క చాలు. కుండీలోకి సగం ఎర్రమట్టి, పావు బాగా చివికిన పశువుల ఎరువు, పావు ఇసుకో కొబ్బరిపొట్టో కలపండి. కుండీ జానెడు లోతుండాలి, అడుగున చిల్లు తప్పనిసరి. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగిలితే మేలు. అన్నట్టు నేను చల్లింది మండుటెండల్లో! ఆ వేడికి మొలకలు సరిగా రావు, వచ్చినా తొందరగా పూతకొచ్చేస్తాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా కొత్తవాళ్లకి మంచికాలం.

ఆమె మడి మూడు ముక్కలుగా ఉంది. ఒకదాంట్లో ఇప్పుడిప్పుడే మొలక, ఒకదాంట్లో వేలెడు మొక్క, మూడోదాంట్లో కోత. మీరూ మూడు కుండీలు పెట్టుకుని పది పన్నెండు రోజుల తేడాతో చల్లండి.

పుదీనా ఇంత ఏడిపించదు. కొన్న కట్టలోంచే ముదురు కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో పెడితే వారం పదిరోజుల్లో వేళ్లొస్తాయి. దానికి వేరే కుండీ ఇవ్వండి, లేకపోతే పక్కమొక్కని బతకనివ్వదు. వామాకు కొమ్మ విరిచి గుచ్చితే చాలు. కరివేపాకు... ఇక్కడివాళ్ల మాటలో కల్యామాకు... మొదటి ఏడాది కోయకుండా ఆగగలిగితేనే పెట్టండి. పిజ్జా మీద వేసే బేసిల్ కావాలా? మన సబ్జా గింజలు చల్లి చూడండి, అదే జాతి. రోజ్‌మేరీ జోలికి మాత్రం మొదట్లోనే పోకండి. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే ఓర్చుకోదు. మా ఇంట్లో రెండు కుండీలు ఒక్క వానాకాలానికే పోయాయి.

ఆ మడి ఆమెది కాదు, కౌలుది. పక్క చేను ఇప్పటికే ఫామ్‌హౌస్ అయిపోయింది. ప్రహరీ లోపల పచ్చిక, దాని మీద తిరిగే స్ప్రింక్లరు. తినే ఆకు ఒక్కటీ కనబడలేదు! జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన జీవో 111 చుట్టుపక్కల 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. 2022లో ఆ ఆంక్షల్ని సడలిస్తూ జీవో 69 వచ్చింది. వచ్చే ఏడూ ఇక్కడే వేస్తారా అని అడిగాను. 'ఆసామి ఇస్తడో ఇయ్యడో' అంది, కట్టలు కట్టడం ఆపకుండానే.

బయల్దేరుతుంటే రుద్దిన ధనియాలు నా చేతిరుమాల్లో మూటగట్టింది. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. తొమ్మిదోరోజు పొద్దున గోనెముక్క ఎత్తి చూస్తే మెడలు వంచుకుని మొలకలు! లెక్కపెట్టాను, నలభైమూడు. రెండో కుండీ కోసం ఈ రాత్రికి ధనియాలు నానబెట్టాలి.