గర్భవతి చేతిలో మందుబిళ్ల

1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర అమ్మకానికి వచ్చింది. వైద్యుని చీటీ లేకుండానే లభించేది. వేవిళ్లు తగ్గుతాయని గర్భిణులూ వాడారు. 1961 నవంబరులో దానిని అక్కడ ఉపసంహరించారు. ఆ మాత్ర కారణంగా వివిధ దేశాలలో 10,000 మందికి పైగా శిశువులు అంగవైకల్యంతో జన్మించారు. కడుపులోనే కన్నుమూసినవారికి సరైన లెక్క లేదు. అమెరికాలో మాత్రం డాక్టర్ ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి, కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, ఋజువులు చాలవని అనుమతి నిరాకరించింది.

నాటి నుంచి గర్భిణికి మందన్నా భయమే. ఆ భయం అకారణం కాదు. కాని కొందరు తల్లులు దానివల్ల అవసరమైన మందును కూడా మానివేస్తున్నారు. ప్రపంచంలో ఏటా సుమారు 20 లక్షల మంది శిశువులు 28 వారాలు నిండిన తరువాత మృతశిశువులుగా జన్మిస్తున్నారు. కారణాలలో ముందు వరుసన ఉన్నవి చికిత్స అందని రక్తపోటు, మధుమేహం, మలేరియా, సిఫిలిస్, మాయ ముందుగానే ఊడిపోవడం, కాన్పు కష్టమైనప్పుడు సకాలంలో సహాయం అందకపోవడం. సిఫిలిస్ ఉన్న తల్లికి పైకి ఏ బాధా కనిపించకపోవచ్చు. తొలి నెలలలోనే రక్తపరీక్ష చేయించి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తే శిశువు దక్కే అవకాశం ఎంతో ఎక్కువ. భర్తకూ చికిత్స జరగాలి. ఎంత పరీక్షించినా కారణం దొరకని సందర్భాలూ అనేకం. అప్పుడు తల్లి తిన్న బొప్పాయినో, చూసిన గ్రహణాన్నో నిందించడం క్రూరత్వమే.

రక్తపోటు సంగతి చూడండి. ఎనాలప్రిల్, రామిప్రిల్ వంటి మందులు గర్భిణి వాడితే శిశువు మూత్రపిండాలు దెబ్బతిని, ఉమ్మనీరు తగ్గి, ప్రాణానికే ముప్పు రావచ్చు. మందే మానివేస్తే రక్తపోటు ముదురుతుంది. అదే వ్యాధికి మిథైల్‌డోపా, లాబెటలాల్ గర్భిణులకు దశాబ్దాలుగా ఇస్తున్నారు. అందుచేత మందును ఆపడం కాదు, వైద్యుని చేత మార్పించుకోవాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ విషయంలో ఈ మార్పు గర్భం రాకముందే జరగడం మేలు.

నడుము నొప్పికి అంగడిలో కొనే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు 20 వారాల తరువాత ఉమ్మనీటిని తగ్గించగలవు. జ్వరానికి సాధారణంగా సూచించేది పారాసిటమాల్.

అన్నిటికన్నా విచారకరమైనది మగబిడ్డ కోసం రహస్యంగా మింగించే నాటుమందు. హర్యానాలో జరిగిన పరిశోధనలో అటువంటివి వాడిన తల్లులలో మృతశిశు జననాలు ఎక్కువగా కనిపించాయి. నమూనాలను పరీక్షిస్తే వాటిలో భారలోహాలు బయటపడ్డాయి. ఆ మందును సాధారణంగా రెండో నెల ప్రాంతంలో తినిపిస్తారు. శిశువు ఆడో మగో అప్పటికి ఎన్నో వారాల క్రితమే, తండ్రి బీజకణం తల్లి అండంతో కలిసిన క్షణంలోనే, నిర్ణయమైపోయి ఉంటుంది.