గడప దాటని కంప్యూటర్‌కి బ్యాటరీ ఎందుకండీ?

ముందే చెప్పేస్తున్నా, నాకు ల్యాప్‌టాప్ మీద పగేం లేదు. పదిహేనేళ్ళుగా నాకు అన్నం పెడుతున్నది అదే. నా గొడవంతా ఎవరైనా "ఇంటికి కంప్యూటర్ కొనాలి" అనగానే, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా "ల్యాప్‌టాప్ తీసుకోండి" అనేసే మన అలవాటు మీద. నాకూ ఉండేది ఆ అలవాటు. కాకపోతే దానికి డబ్బు కట్టింది నేను కాదు, ఇంకొకాయన. ఈ ఆవేశం అందుకే.

మేముండేది మంఖాల్‌లో. శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ పక్కన. శంషాబాద్‌లో దిగే విమానాలు మా మీదుగా వెళ్తుంటాయి. మా వీధిలో సగం ఇళ్ళకి కూడు పెట్టేది ఆ ఎయిర్‌పోర్టే. మా పక్కింటాయన అక్కడ క్యాబ్ నడుపుతాడు. 2020లో స్కూళ్ళు మూసేసినప్పుడు వాళ్ళింట్లో ఇద్దరు పిల్లలకీ కలిపి ఒక్కటే ఫోను. అది కూడా ఆయన ట్రిప్పుకి వెళ్ళేటప్పుడు జేబులో వెళ్ళిపోయేది. ఆ బాధ పడ్డాడు కాబట్టి 2022లో అమ్మాయి ఇంటర్ చదువుతున్నప్పుడు నా దగ్గరికొచ్చాడు.

"సార్, మా పాపకు కంప్యూటర్ కొనియ్యాలె. గిన్ని రకాలున్నయి, ఏది తీస్కోమంటరు?"

"ల్యాప్‌టాప్ తీసుకో అన్నా. ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు" అన్నాను. అరనిమిషం కూడా పట్టలేదు చెప్పడానికి.

ఎక్కడికి పట్టుకెళ్తుంది? కాలేజీకా? అక్కడ ఫోను కూడా రానివ్వరు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి మంచం మీదకి... అంతే దాని ప్రయాణం. ఆయన మాత్రం నా మాట నమ్మి నలభై రెండు వేలు పెట్టి కొన్నాడు, పన్నెండు నెలల వాయిదాల మీద.

ఎనిమిదో నెలలో తమ్ముడు మూత వేశాడు. లోపల కీబోర్డు మీద పెన్ను ఉంది. తెర పగిలిపోయింది. వారంటీ ఉంది గానీ పగిలినదానికి వర్తించదు. తెర మార్చడానికి తొమ్మిదిన్నర వేలు అడిగారు. ఇంకా నాలుగు వాయిదాలు కట్టాలి. ఆయన వాయిదాలు కట్టుకుంటూ పోయాడు. ల్యాప్‌టాప్ బీరువా మీదకెక్కింది. ఆ పిల్ల మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

మామూలు రోజులైతే పోన్లే అనుకోవచ్చు. కానీ అది ఎంసెట్ ముందు. తెలంగాణలో 2018 నుంచీ ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కంప్యూటర్ మీదే రాయాలి. జేఈఈ మెయిన్ కూడా అంతే. ఆ పరీక్ష హాల్లో ఉండేది ఏంటో తెలుసుగా? పెద్ద తెర, మౌసు, డెస్క్‌టాప్! ఆ పిల్లేమో అయిదంగుళాల ఫోన్ మీద వేలితో జరుపుకుంటూ మాదిరి పరీక్షలు రాసింది. ర్యాంకు అందువల్లే తగ్గిందని నేననను, అలా అనడానికి నా దగ్గర రుజువేం లేదు. కానీ ఆ మూడు నెలలు ఆ పిల్ల చేతిలో ఉండాల్సింది లేకుండా పోయింది. దానికి కారణం నా అరనిమిషం సలహా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా.

ల్యాప్‌టాప్ అనేది దారిలో ఉండేవాడి వస్తువు. ఎయిర్‌పోర్టులో తనిఖీ దగ్గర చూడండి. సంచుల్లోంచి ఒక్కొక్కరూ తీసి ట్రేల్లో పెడుతుంటారు. అక్కడ అది అందంగా ఉంటుంది, దాని పని అది. బరువు తగ్గించడానికి, సన్నగా చెయ్యడానికి, కరెంటు లేకుండా నడపడానికి మనం దానికి అదనంగా డబ్బిస్తాం. మన ఇంటి మీంచి విమానాలు ఎగురుతాయి గానీ మన ఇల్లు ఎక్కడికీ ఎగరదు కదా. ఎగరని ఇంటికి ఆ అదనం ఎందుకు కట్టాలి?

"రెండింట్లోనూ ఐ5 అనే ఉంది కదండీ" అంటారు. ఇక్కడే జనం బోల్తా పడేది. పేరొకటే, లోపలిది వేరు. ఉదాహరణకి ఇంటెల్ 8వ తరమే తీసుకోండి. సన్నటి ల్యాప్‌టాప్‌లో ఉండే ఐ5-8250యూకి నాలుగు కోర్లు, 15 వాట్లకి చేసింది. డెస్క్‌టాప్ ఐ5-8500కి ఆరు కోర్లు, 65 వాట్లు. అంతకు ముందు తరంలో ఇంకా అన్యాయం. ల్యాప్‌టాప్ ఐ5-7200యూకి రెండే కోర్లు, డెస్క్‌టాప్ ఐ5-7500కి నాలుగు. వేడి బయటికి పోవడానికి చోటు లేని డబ్బాలో పెట్టేది కాబట్టి తప్పదు, అది ఇంజనీర్ల తప్పేం కాదు. పైనున్న స్టిక్కరు మాత్రం ఒక్కటే, కొనేవాడికి ఆ తేడా చెప్పేవాడు లేడు.

ఇక బ్యాటరీ. ఇళ్ళల్లో ల్యాప్‌టాప్ ఎలా ఉంటుంది? గుంజకి కట్టేసిన మేకలా రోజంతా ఛార్జరుకి కట్టేసి ఉంటుంది. లిథియం బ్యాటరీకి నూటికి నూరు శాతం ఛార్జింగూ పడదు, వేడీ పడదు. మనం రెండూ కలిపి ఇస్తాం. రెండు మూడేళ్ళకి అరగంట కూడా ఆగదు, ఒక్కోసారి ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి లేపేస్తుంది.

మెడ సంగతి నా సొంత అనుభవం. తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి కాబట్టి తెర కంటికి ఎదురుగా పెడితే చేతులు గాల్లో, చేతులు కుదిరితే మెడ కింద. డాక్టరు చెప్పాక స్టాండు కొన్నాను, తర్వాత కీబోర్డు, తర్వాత మౌసు, తర్వాత పెద్ద మానిటరు. ఒకరోజు బల్ల వంక చూసుకుంటే అక్కడున్నది డెస్క్‌టాప్! రెండింతల ఖర్చుతో :)

అన్నిటికంటే పెద్ద తేడా రిపేరు. డెస్క్‌టాప్‌లో పవర్ సప్లై పోతే అది ఒక్కటే మారుస్తాం, స్క్రూ డ్రైవర్ ఉంటే అరగంట పని. మానిటరు పోతే మానిటరు, కీబోర్డు మీద టీ ఒలికితే నాలుగొందలు. సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిల్లో ఇప్పుడు ర్యామ్ కూడా బోర్డుకే అతికించేస్తున్నారు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ఎలా ఎగబాకాయో చూశాం కదా. డెస్క్‌టాప్ ఉన్నవాడు ఇప్పటికి ఉన్నదాంతో సర్దుకుని, ధర దిగాక ఇంకో ర్యామ్ గుచ్చుకుంటాడు. అతికించిన ర్యామ్ కొన్నవాడికి ఆ దారి లేదు.

అన్నట్టు, మా పక్కనే రావిర్యాల దగ్గర 2006లో ఫ్యాబ్ సిటీ అన్నారు. చిప్పులు ఇక్కడే తయారవుతాయన్నారు. అనుకున్న చిప్పుల ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. 2023 ఆగస్టులో కేంద్రం ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, ఆల్-ఇన్-వన్‌ల దిగుమతికి లైసెన్సు కావాలంది, మర్నాడే వాయిదా వేసింది. వీటికోసం మనం బయటి దేశాల మీద ఎంత ఆధారపడ్డామో ఆ ఒక్క రోజు హడావిడిలో తెలిసింది. అలాంటప్పుడు ఒక్క ముక్క చెడితే మొత్తం పారేసే యంత్రం కొనడం తెలివైన పనేనా?

సరే, మీరు అడగబోయేవి నాకు తెలుసు.

కరెంటు పోతే? పోతుంది, నిజమే. చిన్న యూపీఎస్ పది పదిహేను నిమిషాలు ఇస్తుంది, రాస్తున్నది దాచుకుని ఆపడానికి అది చాలు.

కరెంటు బిల్లు? మామూలు డెస్క్‌టాప్, మానిటరు కలిపి చిన్న పనులకి 70 వాట్లు అనుకోండి. రోజుకి అయిదు గంటలు వాడితే నెలకి పదిన్నర యూనిట్లు. ల్యాప్‌టాప్ 30 వాట్లైతే నాలుగున్నర. తేడా ఆరు యూనిట్లు, నాలుగైదు చాయ్‌ల ఖర్చు.

చోటు? రెండు గదుల ఇంట్లో నిజంగానే ఇబ్బంది. అందరూ కూర్చునే హాల్లో మూడడుగుల బల్ల ఒకటి కావాలి. కానీ నా దృష్టిలో అదే దాని గొప్ప. ల్యాప్‌టాప్ ఎవడో ఒకడిదైపోతుంది, తలుపేసుకుని గదిలోకి వెళ్ళిపోతుంది. డెస్క్‌టాప్ ఇంటిది. పిల్లవాడేం చూస్తున్నాడో తల్లికి కూర తరుగుతూ కనపడుతుంది.

ఆల్-ఇన్-వన్ కొంటే? షాపుల్లో డెస్క్‌టాప్ అడిగితే చూపించేది అదే. చెప్పాలంటే అది బ్యాటరీ తీసేసిన ల్యాప్‌టాప్. తెర పోతే అన్నీ పోయినట్టే. వద్దు.

హాస్టల్‌కి వెళ్ళే పిల్లలు, ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్ళు, ఏటా ఇల్లు మారేవాళ్ళు... మీరు నిక్షేపంగా ల్యాప్‌టాప్ కొనుక్కోండి, మీతో నాకు పేచీ లేదు.

పోయిన 2025 వేసవిలో ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి కొడుకు ఇంటర్. నాకు మొహం చెల్లలేదు. నేనే ఆయన్ని సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి తీసుకెళ్ళాను. ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాప్ పన్నెండు వేలు, ఐ5 8వ తరం, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్సెస్డీ. పాత మానిటరు మూడున్నర వేలు, యూపీఎస్ మూడు వేలు, కీబోర్డు, మౌసు ఎనిమిదొందలు. మొత్తం పంతొమ్మిది వేల మూడొందలు, వాయిదాల్లేవు. మీరూ పాతది కొంటే 8వ తరానికి తక్కువ మాత్రం తీసుకోకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అంతకంటే పాత ఇంటెల్ చిప్పుల్లో దాదాపు అన్నిటినీ విండోస్ 11 ఒప్పుకోదు. లినక్స్ పెట్టుకునే ఓపికుంటే అది వేరే సంగతి.

మొన్న మౌసు పాడైందట. పిల్లవాడే తుక్కుగూడ వెళ్ళి ఇంకోటి కొనుక్కొచ్చుకున్నాడు. నాకు చెప్పను కూడా చెప్పలేదు. నాకు అంతకంటే సంతోషం లేదు.

మనల్ని సాఫ్ట్‌వేర్ వాళ్ళని నమ్మి అడుగుతారండీ జనం. వాళ్ళు పెట్టేది ఆరునెలల మిగులు, మనం పెట్టేది అరనిమిషం నోటిమాట. ఈసారి ఎవరైనా అడిగితే మోడళ్ళ పేర్లు చెప్పే ముందు ఒక్కటడగండి... "ఇది మీ గడప దాటుతుందా?" అని. దాటదంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, బల్ల ఎక్కడ వెయ్యాలో చూడమనండి.