మన్యం కొండలెక్కుతున్న వీకెండ్ జీపులు.. దారి ఎవరిది? డబ్బు ఎవరికి?

చలికాలం వచ్చిందంటే చాలు.. శనివారం రాత్రే విశాఖ నుంచి బండ్లు మన్యం బాట పడతాయి. వంజంగి, లంబసింగి, మాడగడ.. తెల్లారేసరికి కొండ మీద ఉండాలి, మేఘాలు చూడాలి, రీల్ తీయాలి. ఇన్నాళ్లూ ఇంతే. ఇప్పుడు దీనికి ఇంకోటి తోడైంది. థార్, జిమ్నీ, హిమాలయన్, ఎక్స్‌పల్స్ లాంటి బండ్లు చేతికొచ్చాక, తారు రోడ్డు అయిపోయిన చోటే కొందరికి అసలు ట్రిప్ మొదలవుతోంది. మట్టి దారి, రాళ్లు, మధ్యలో ఓ గెడ్డ.. అదే ఆఫ్‌రోడింగ్.

సరదా కావాలనుకోవడం తప్పేం కాదు. కానీ ఆ దారి ఎవరిది? దాని మీద బండి తోలే హక్కు ఎవరిచ్చారు? వచ్చే డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది? ఏజెన్సీలో రోడ్లు పెరుగుతున్న ఈ టైమ్‌లోనే ఇది తేల్చుకోవాలి.

ఒకరికి సరదా.. ఒకరికి ప్రాణం

పాడేరు, అరకు కొండల్లో రోడ్డు లేని ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నొప్పులొచ్చిన గర్భిణిని డోలీలో మోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడిచిన వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ డోలీ దిగే దారులు, ఆఫ్‌రోడ్ బండ్లు వెతుక్కునే దారులు చాలాచోట్ల ఒక్కటే. నగరం నుంచి వచ్చినవాళ్లకు గతుకులే థ్రిల్. ఊళ్లో వాళ్లకు ఆ గతుకులే శాపం.

డోలీ మోతలు ఆపాలని 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ ‘అడవి తల్లి బాట’ మొదలుపెట్టారు. గిరిజన ఆవాసాలకు రోడ్ల కోసం రూ.1,005 కోట్ల కార్యక్రమం ఇది. రోడ్లు రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే అంబులెన్స్ వెళ్లే రోడ్డులోనే టూరిస్టు బండీ వెళ్తుంది. ఇవాళ నడిస్తే తప్ప చేరలేని కొండకొన రేపు పార్కింగ్ స్థలం అయిపోతుంది. రూల్స్ ముందే రాసుకోకపోతే తర్వాత చేసేదేం ఉండదు.

టైరు వెళ్లిపోయాక..

బండి వెళ్లిపోతుంది, గాడి మిగిలిపోతుంది. ఆఫ్‌రోడ్ టైర్లకు లోతైన గుబ్బలుంటాయి, అవి మట్టిని తవ్వుకుంటూ పట్టు తెచ్చుకుంటాయి. ఎండాకాలం పెద్దగా తెలియదు. వానాకాలంలో నీళ్లు ఆ గాడినే కాలువగా చేసుకుంటాయి. తూర్పు కనుమల ఎర్రమట్టి వాలులో ఉంటే త్వరగా కోసుకుపోతుంది. మొదటి ఏడాది గాడి, తర్వాత గండి. దారి పాడైందని బండ్లు పక్క నుంచి వెళ్తాయి, దాంతో ఒక దారి కాస్తా మూడు దారులవుతుంది.

కొండమీద ఊటనీళ్లే చాలా ఊళ్లకు తాగునీరు. పైన గెడ్డలో బండి తిరిగితే కింద ఊళ్లో బిందెలోకి వచ్చేది బురదే. నీడచెట్ల కింద కాఫీ, మిరియాలు పండించుకునే వాలులు కూడా ఇవే. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ మట్టి కొట్టుకుపోతే నష్టం ఎవరికో చెప్పక్కర్లేదు.

చట్టం ఏమంటోంది?

రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా వెళ్లడం 1967 నాటి ఏపీ అటవీ చట్టం ప్రకారం నేరం. ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పోటీలు పెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 వర్తిస్తుంది. తెల్ల నంబర్ ప్లేటు ఉన్న సొంత బండిలో డబ్బులు తీసుకుని టూరిస్టులను ఎక్కించుకోవడానికి లేదు, పర్మిట్ ఉన్న పసుపు ప్లేటు బండే ఉండాలి. ఇక ఇన్సూరెన్స్. రేసులు, స్పీడ్ టెస్టుల్లో జరిగిన నష్టం మామూలు మోటార్ పాలసీ కిందికి రాదు. కొండ మీద బండి పల్టీ కొట్టాక ఈ సంగతి తెలిసి లాభం లేదు.

అంటే చట్టాలు లేక కాదు. ఫలానా దారిలో వెళ్లొచ్చు, ఫలానా దారిలో వెళ్లకూడదు అని చెప్పే మ్యాప్, బోర్డు లేవు. అసలు లోటు అదే.

పార్కు కట్టేస్తే పోదా?

చాలామంది అనేది ఇదే. ఓ కంపెనీకి వంద ఎకరాలు లీజుకిస్తే ట్రాక్ వేస్తుంది, టికెట్ పెడుతుంది, పని అయిపోతుంది కదా అని. మన్యంలో అది కుదరదు. అక్కడ 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదన్నదే దాని సారాంశం. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో మైనింగ్ లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి.. ప్రభుత్వ భూమినైనా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది.

ఇది పాత గొడవ అనుకోవద్దు. టూరిజం ప్రాజెక్టుల కోసం ఈ చట్టంలో మార్పులు చేయాలని 2025 ఆరంభంలో విశాఖ పర్యాటక సదస్సులో స్పీకర్ అయ్యన్నపాత్రుడు అన్న మాటకు మన్యం భగ్గుమంది. ఫిబ్రవరిలో 48 గంటల బంద్ జరిగింది. 1/70ని రద్దు చేసే ఆలోచనే లేదని సీఎం చంద్రబాబు ప్రకటించాల్సి వచ్చింది. ఏజెన్సీలో రైడింగ్ పార్కు అంటే ముందు భూమి ప్రశ్న వస్తుంది, ఆ తర్వాతే టూరిజం.

బయట ఎలా చేస్తున్నారు?

మున్నార్ దగ్గరి కొలుక్కుమలై సంగతి చూడండి. టీ తోటల మధ్య రాళ్ల దారి. సూర్యనెల్లి నుంచి లోకల్ జీపుల్లోనే ఎక్కాలి. దారి తెలిసిన డ్రైవర్‌కు ఉపాధి, టూరిస్టుకు కావాల్సిన కుదుపు.. రెండూ దొరుకుతాయి. అదే ఇడుక్కి జిల్లాలో 2022లో వాగమన్ టీ తోటలో అనుమతి లేకుండా జరిగిన ఆఫ్‌రోడ్ రైడ్ మీద కేసు నమోదైంది. అందులో బండి నడిపిన సినీనటుడికి మోటారు వాహనాల శాఖ ఫైన్ కూడా వేసింది.

అమెరికాలో వెస్ట్ వర్జీనియాది ఇంకో పద్ధతి. బొగ్గు గనులు తగ్గిపోయి డీలాపడ్డ కొండప్రాంతం అది. 1996లో అక్కడి రాష్ట్ర చట్టసభ ఓ ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. బొగ్గు, కలప కంపెనీల భూముల్లోంచి ట్రైల్స్‌కు ఒప్పందాలు చేసుకుంది. 2000లో ‘హాట్‌ఫీల్డ్-మెకాయ్ ట్రైల్స్’ మొదలయ్యాయి. ఇవాళ వెయ్యి మైళ్లకు పైనే ఉన్నాయి. పర్మిట్ కొనాలి, హెల్మెట్ ఉండాలి, గుర్తు పెట్టిన దారి దాటకూడదు. రైడర్లు తినేది, పడుకునేది పాత బొగ్గు ఊళ్లలోనే. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే.. వాళ్లు ఎంచుకున్నది కంపెనీలు అప్పటికే వాడుకుంటున్న నేల.

మరి విశాఖకు ఏది నప్పుతుంది?

రెండు అవసరాలను విడదీయాలి. బురదలో బండి దింపాలి, టైర్లు తిప్పాలి, స్కిల్ చూపించాలి అనుకునేవాళ్లకు కొండకొన అక్కర్లేదు, ట్రాక్ చాలు. దానికి నగరం దగ్గర కంబాలకొండ పనికిరాదు, అది అభయారణ్యం. ఎర్రమట్టి దిబ్బలు అసలే కాదు. అది జాతీయ భూవారసత్వ సంపద, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. కానీ అనకాపల్లి వైపు మైదానంలో రాతి క్వారీలు చాలా ఉన్నాయి. పని ఆగిపోయిన క్వారీలో గోతులకు కంచె వేసి, అంబులెన్స్ పెట్టి, ట్రాక్ వేస్తే 1/70 సమస్య రాదు. కొత్తగా పాడయ్యే కొండా ఉండదు.

ఇక కొండపైకి వెళ్లి మేఘాలు చూడాలనుకునేవాళ్లకు లోకల్ జీపు చాలు. ఏ దారి తెరవాలి, వానాకాలంలో ఎన్నాళ్లు మూయాలి, రోజుకు ఎన్ని బండ్లు అన్నది గ్రామసభే చెప్పాలి. పీసా చట్టం, అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన బలం అలాంటిదే. జీపులు అక్కడి గిరిజన యువకులవి అయ్యుండాలి. పర్మిట్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఇప్పించడంలో ఐటీడీఏ సాయం చేయాలి. టికెట్ డబ్బులో కొంత దారి మరమ్మతుకు, కొంత ఊరికి వెళ్లాలి.

దీనికీ రిస్క్ ఉంది. బయటి పెట్టుబడిదారుడు గిరిజనుడి పేరు మీద జీపులు కొని నడిపే అవకాశం ఉంది. 1/70ని దాటడానికి భూముల విషయంలో బినామీ దారి మన్యానికి తెలియంది కాదు. అందుకే లెక్కలు గ్రామసభ ముందు బహిరంగంగా పెట్టాలి.

ఈ వీకెండ్ వెళ్తున్నారా?

జీపు ఎక్కే ముందు పసుపు ప్లేటు ఉందో లేదో చూడండి. మనుషుల్ని కుక్కితే ఎక్కొద్దు. సొంత బండి అయితే గెడ్డలో దింపొద్దు, ఉన్న దారి వదలొద్దు, వాన పడితే వెనక్కి తిరగండి. ఊళ్లో వాళ్లు వద్దన్న చోటికి వెళ్లొద్దు. డ్రోన్ షాట్‌లో కొండమీది టైరు గీతలు అందంగానే కనిపిస్తాయి. వచ్చే వానాకాలం ఆ గీతల్లో దిగే బురద మాత్రం కింది ఊరి నీళ్లలో కలుస్తుంది.