గొఱ్ఱెల కాపరుల ఊరు



క్రిస్మస్ నెలలో అప్పనపల్లిలో ఒక ఇంట ప్రార్థన ముగిసిన తరువాత, ఆ ఇంటి మామ్మగారు మమ్మల్ని అడిగారు: "బేత్లెహేము దగ్గర ఆ కాపరుల పొలాల్లో ఇప్పుడెవరుంటున్నారండీ?" మేము చెప్పిన జవాబు మీకూ చెప్పవలెననిపించినది.

బేత్లెహేమునకు ఆనుకొని బేత్ సాహూర్ అనే పాలస్తీనా ఊరున్నది. దూత కాపరులకు కనబడిన పొలము అక్కడిదేనని తరతరాల నమ్మిక. ఊరివారిలో ఎక్కువమంది క్రైస్తవులు. 1967లో ఆ ప్రాంతము ఇజ్రాయెల్ సైన్యము చేతిలోనికి వెళ్ళినది. 1988లో ఊరివారు, తమకు ఓటు లేని ప్రభుత్వమునకు పన్ను కట్టబోమన్నారు. బడులు మూతబడితే ఇళ్ళలోనే పిల్లలకు చదువు చెప్పుకున్నారు. పెరళ్ళలో కూరగాయలు వేశారు. పాలకోసం 18 ఆవులను కొన్నారు. సైన్యము వాటిని తీసివేయమంటే దాచి పెంచారు. 1989లో సైన్యము సుమారు 6 వారాలు ఊరిని దిగ్బంధించి, పన్ను బాకీ క్రింద ఇళ్ళలోని సామాను, దుకాణాల్లోని సరుకు పట్టుకొనిపోయినది. అయినా వారు పన్ను కట్టలేదు, ఆయుధము పట్టలేదు.

మన తెలుగువారికి ఈ దారి క్రొత్త కాదు. 1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నులు మోయలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు విడిచారు. దాదాపు 13 వేలమంది పొలిమేర అవతల రామనగరులో పాకలు వేసికొని, తమ తగవులు తామే తీర్చుకొంటూ 11 నెలలున్నారు.

రెండు చోట్లా వెంటనే గెలుపు రాలేదు. నాయకుడు చెరసాల పాలైన తరువాత చీరాలవారు తిరిగి వచ్చారు. 1994లో పాలస్తీనా స్వపరిపాలన సంస్థ ఏర్పడినా, తమ భూమిపై పూర్తి అధికారము నేటికీ వారికి దక్కలేదు. మరి మిగిలినదేమిటి? పొరుగింటి బిడ్డకు పాలు పోయడం, చదువు చెప్పడం, తగవు తీర్చడం నేర్చుకున్న ఊరు మిగిలినది. రాజ్యమైనా అక్కడినుండే కట్టుకొని రావాలి గదా!

మన కోనసీమలో 2022 మే 24న, జిల్లా పేరు విషయమై అమలాపురంలో ఇళ్ళు తగులబెట్టారు. ఆ మంటలు ఎవరికేమి కట్టి యిచ్చాయి? అన్యాయమనిపించినప్పుడు కాదనవచ్చును. అయితే కాదన్నవాని చేతిలో అగ్గిపెట్టె ఉండాలా, పాలచెంబు ఉండాలా?

మామ్మగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా వీధిలో మాట్లాడుకోని ఇళ్ళు రెండున్నాయండీ, రేపు వెళ్తాను" అన్నారు. మీ వీధిలో ఎన్నున్నాయి? ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి.