సంపాదకుని మాట: ప్రశ్న మనదై ఉండాలి



ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంకవేత్త సి.ఆర్.రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం అక్కడ ఆయన పని. దాంతోపాటే గణాంక, జన్యు శాస్త్రవేత్త ఆర్.ఎ.ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల జన్యువులు ఏ క్రోమోజోము మీద ఎక్కడున్నాయో లెక్కలు కట్టారు. 1948లో కలకత్తా తిరిగొచ్చారు.

ఆయన నడిచిన ఆ బాటలో వెళ్ళాలనుకునే వారి కోసం, గణాంక జన్యుశాస్త్రంలో విదేశీ ఫెలోషిప్‌లకే ఈ సంచికను కేటాయించాం. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది భారతీయుల జన్యు సమాచారాన్ని పరిశోధకుల ముందుంచింది. దాన్ని చదవగల యువత మనకిప్పుడు అత్యవసరం.

ఉదాహరణకు, వైశ్యుల్లో కొందరికి పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువ. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే, నిమిషాల్లో పోవాల్సిన ఆ సడలింపు గంటలపాటు వదలదు. అంతసేపూ వెంటిలేటరే ఊపిరి. తరతరాలుగా సంబంధాలు లోపల్లోపలే కలుపుకోవడం దీని వెనకున్న కారణం. మన సిద్దిపేటలోనూ ఎన్నో ఇళ్ళకు సంబంధించిన విషయమిది. పెద్ద జన్యు అధ్యయనాలు ఎక్కువగా యూరప్ మూలాలవారి మీదే జరిగాయి కాబట్టి ఇలాంటి ప్రశ్నలు విదేశాలకు మనవాళ్ళే పట్టుకెళ్ళాలని మా గట్టి నమ్మకం. ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం ఇదే.

యూరప్‌లో పరిశోధనకు ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కు ఏ దేశం వారైనా పీహెచ్‌డీతో దరఖాస్తు చేసుకోవచ్చు. ముందు అక్కడి ప్రొఫెసర్‌ను ఒప్పించాలి, ఆపైన ఇద్దరూ కలిసి ప్రణాళిక రాయాలి. డిగ్రీలో ఉన్న పిల్లలూ, దానికి పునాదిగా సంభావ్యత, ఆర్ ప్రోగ్రామింగ్ ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.